నాయనకి స్టెంట్: తిరుపతి స్విమ్స్‌కి పోవాల్నా, ప్రైవేట్‌లోనే వేయించాల్నా?

పలమనేరు పిల్లోడు:
అన్నా, ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో మా నాయనకి యాంజియోగ్రామ్ తీసినారు, గుండె రక్తనాళంలో ఒక బ్లాక్ ఉండాది, స్టెంట్ వేయాలంట. ఎమర్జెన్సీ ఏం కాదంట గానీ సాయంత్రం లోపల డబ్బు కడితే రేపే వేసేస్తాం అంటా ఉండారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే మా దగ్గర గుండెకి చెల్లదు అనేసినారు. మా మామేమో పొలం కుదవ పెట్టైనా సరే ఇక్కడే వేయిద్దాం, గవర్నమెంట్ ఆస్పత్రిలో పలికే దిక్కుండదు అంటాడు. చెల్లెలు స్విమ్స్‌కి పోదామంటాది. మీరైతే ఏం చేస్తారు?

అలిపిరి మెట్లు:
పొలం జోలికి పోవద్దు తమ్ముడూ. ఎమర్జెన్సీ కాదని వాళ్లే చెప్పినప్పుడు సాయంత్రం లోపల అనే తొందర ఎవరికంట? ముందు యాంజియో సీడీ, రిపోర్టు అడిగి తీసుకో. స్విమ్స్‌లో కార్డియాలజీ ఓపీలో చూపించి, వేయాల అంటే అక్కడే ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) కౌంటర్లో ఉండే ఆరోగ్యమిత్రని కలువు. అప్రూవల్ వచ్చేదాకా కాచుకోవాల, పొద్దన్నే పోవాల, చీటీలు పట్టుకుని తిరిగేదానికి ఇంకో మనిషి ఉండాల. అది మాత్రం నిజం, మీ మామ చెప్పేదాంట్లో రొంత అర్థం లేకపోలేదు. అయినా స్విమ్స్ అచ్చం గవర్నమెంట్ ఆస్పత్రేం కాదు, టీటీడీ పెట్టింది, తర్వాత రాష్ట్ర చట్టంతో యూనివర్సిటీ అయ్యింది. వేలూరు సీఎంసీ కూడా ప్రైవేటే కదా, మిషన్ వాళ్లది, దాన్ని కార్పొరేట్‌తో కలిపి కొట్టేస్తామా?

బిల్లు చూసినోడు:
ఇంకో మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కి సుమారు 30 వేలు సీలింగ్ పెట్టింది, అంతకు ముందు లక్ష పైన లాగేవాళ్లు. కాబట్టి లక్షల్లో ఎస్టిమేట్ ఇస్తే స్టెంట్‌కెంత, స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్‌కెంత, రూముకెంత అని విడివిడిగా రాసిమ్మను.

గంగమ్మ జాతర:
అందరూ ప్రైవేటోళ్లనే తిడతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినాక పేదోడు పెద్దాస్పత్రి లోపలికి పోయింది వాళ్ల వల్ల కాదా? గవర్నమెంట్ వాళ్లకి ఇయ్యాల్సిన బాకీలు నెలల తరబడి ఆపితే వాళ్లేం చేస్తారు, 2025 అక్టోబర్లో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపింది అందుకే.

అలిపిరి మెట్లు:
నేను చెప్పేదీ అదే కదన్నా. బాకీ ఆగితే ప్రైవేటోడు తలుపేసుకుంటాడు, తిరుపతిలో గవర్నమెంట్ ఆస్పత్రి రుయా తలుపేసుకోదు. మదనపల్లి మెడికల్ కాలేజీని పీపీపీకి, అంటే ప్రైవేటోళ్లతో పొత్తుకి, ఇస్తామంటే జనం భయపడేది దీనికే.

మందుల షాపక్క:
కొట్లాట తర్వాత పెట్టుకోండి. బాబూ, స్టెంట్ యాడ వేసినా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు. డబ్బుల్లేవని నిలిపేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డ కడతాది. జనరిక్‌లో చవగ్గా దొరుకుతాయి, డాక్టర్‌ని అడిగి మార్చుకోండి. దారిలో నొప్పి మళ్లీ వస్తే మాత్రం ఏ ఆస్పత్రి అని చూడొద్దు, 108కి కొట్టండి.

పలమనేరు పిల్లోడు:
సీడీ అడిగితే రేపు రమ్మన్నారు అక్కా. ఇచ్చిందాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దని చెల్లెల్ని కూర్చోబెట్టినా. మామ అలిగి ఊరికి పోయినాడు.