అప్‌డేట్: ప్రెగ్నెన్సీ ఎనిమిదో వారంలో టీఎస్‌హెచ్ 6.8, ఇప్పుడు 2.1

థైరాయిడ్ మందు రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తక్కువైతే రక్తపరీక్షలో పెరిగి కనిపించేది) ఎందుకు దిగట్లేదని ఇంతకుముందు అడిగాను కదా, బదులిచ్చిన అందరికీ థాంక్స్. "ఐరన్ ఎప్పుడు వేసుకుంటున్నారు?" అన్నవాళ్ల అనుమానమే నిజం. వైజాగ్ మహారాణిపేటలో చూపించుకున్న ఎండోక్రైనాలజిస్టూ (హార్మోన్ల డాక్టరు) అదే పట్టుకున్నారు: పొద్దున్నే థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) 50 మైక్రోగ్రాములు, పది నిమిషాలకే ఫిల్టర్ కాఫీ, టిఫిన్ అవగానే ఐరన్, కాల్షియం. ఇవన్నీ అడ్డుపడితే ఇంక థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టేదెక్కడ!

ఇప్పుడు అయిదున్నరకి మంచినీళ్లతో మాత్ర, గంటాగి కాఫీ, మధ్యాహ్నం భోజనమయ్యాక ఐరన్, రాత్రికి కాల్షియం. థైరాక్సిన్‌కీ ఈ ఐరన్, కాల్షియంలకీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ హార్మోను అవసరం పెరుగుతుంది కాబట్టి వారానికి 7 మాత్రలని డాక్టరు 9 చేశారు. నాలుగు వారాలకి 2.1 వచ్చింది. అయిదో నెల దాకా నెలనెలా టెస్టు.

థైరాయిడ్‌కి పడదంటారని క్యాబేజీ మానడం, మందు కంపెనీ మార్చడం మాత్రం అక్కర్లేకపోయింది. అన్నట్టు, మన వైజాగ్ ఉక్కలో మాత్రల సీసా వంటింటి కిటికీలో పెట్టకండి, మాత్రలు పాడవుతాయి.