ఐసులో ఉన్న పండుగప్ప మూడో రోజుకు జావలా అవుతోంది: ఇది కండరంలోని పరాన్నజీవి పనేనా?

ప్రశ్న: హార్బర్ వ్యాపారి

నమస్కారం. నేను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కొని హోటళ్ళకు సరఫరా చేస్తాను. గత నెలలో సముద్రపు కేజ్‌లలో పెంచిన పండుగప్పను రెండు విడతలుగా కొన్నాను. పట్టిన రోజున కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉన్న చేపల్లో కొన్ని, ఐసు ఎక్కడా తగ్గకపోయినా, మూడో రోజుకు నొక్కితే వేలు దిగబడేంత మెత్తబడ్డాయి. విచిత్రమేమిటంటే కుళ్ళు వాసన లేదు, అదే పెట్టెలో పక్కనున్న చేప నిక్షేపంగా ఉంది. నిల్వ సరుకు అంటగట్టానని హోటల్ వారు, తాము ఇచ్చింది మంచి సరుకేనని పెంచినవారు నన్నే నిలదీస్తున్నారు. ఇది కుడోవా అనే పరాన్నజీవి వల్ల కావచ్చని ఒక మిత్రుడు అన్నారు. అలాంటి చేపను తింటే ప్రమాదమా?

జవాబు 1: జంతుశాస్త్ర అధ్యాపకురాలు

వాసన రాకపోవడం, ఒకే పెట్టెలో ఒకటి చెడి మరొకటి బాగుండడం మీ మిత్రుడి అనుమానానికి బలం చేకూరుస్తాయి గాని, రుజువు కావు. కుడోవా థైర్సైటిస్ అనే జాతి కండరపు పోగు లోపలే ఉండి సిద్ధబీజాలను తయారు చేసుకుంటుంది. పోగు చెక్కుచెదరనంత కాలం చేప శరీరం దాన్ని పెద్దగా పట్టించుకోదు కనుక, చేప మేత తింటూ, పెరుగుతూ, ఆరోగ్యంగానే కనబడుతుంది. చనిపోయిన తరువాత ఆ పరాన్నజీవి ఎంజైమ్ కండలోని మాంసకృత్తులను కరిగించడం మొదలుపెడుతుంది. ఐసు ఆ పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో అట్లాంటిక్ సాల్మన్ పెంచేవారికి ఇది చిరకాలపు తలనొప్పి.

అన్ని జాతులూ కండను కరిగించవు. జపాన్ దక్షిణ దీవుల్లో పెంచే ఎల్లోటెయిల్ చేపల్లో కుడోవా అమామియెన్సిస్ కంటికి కనిపించే తెల్లని గింజల్లాంటి తిత్తులను ఏర్పరుస్తుంది. అదే చేప పిల్లల్లో వచ్చే ‘బెకో’ జబ్బుకు కారణం మైక్రోస్పొరిడియా అనే వేరే వర్గం. అందులో ఒంటిపై సొట్టలు పడతాయి.

చూపుతో తేలే విషయం కాదు కనుక, బియ్యపు గింజంత కండను స్లైడుపై నీటిచుక్కలో నలిపి, మైక్రోస్కోప్‌లో 400 రెట్లు పెంచి చూడండి. థైర్సైటిస్ సిద్ధబీజం నాలుగు మొనల నక్షత్రంలా ఉంటుంది. జాతిని డీఎన్ఏ పరీక్షతో నిర్ధారించాలనుకుంటే ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా ఆల్కహాల్‌లో ఉంచండి. అన్నట్టు, ఈ పేరు మన ఊరికి కొత్తేమీ కాదు: మల్లెట్ చేప మెదడులో కనిపించిన కుడోవా టెట్రాస్పోరాను 1979లో వర్ణించినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులే.

జవాబు 2: కేజ్ రైతు

అధ్యాపకురాలు గారి మాట కాదనను గాని, పరాన్నజీవిపై నెపం వేసే ముందు చేపను ఎలా పట్టారో అడగండి. పట్టుబడికి ముందు మేత ఆపకపోయినా, వలలో చాలాసేపు కొట్టుకున్నా, వెంటనే ఐసు కలిపిన నీటిలో ముంచకుండా పైపైన ఐసు చల్లినా కండ త్వరగా మెత్తబడుతుంది. మా కేజ్‌లో ఒకసారి ఇలాగే జరిగితే, తప్పు పడవలోనే జరిగిందని తేలింది. కుడోవాయే అయితే మందుందా?

జవాబు 3: ఆహార భద్రత విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని

రైతు గారూ, కండలో చేరిన కుడోవాకు ఆమోదం పొందిన మందు లేదు. అది సముద్రపు నీటి ద్వారా చేపకు చేరుతుంది కనుక, ఒడ్డున తొట్లలో పెంచేవారు నీటిని వడగట్టి, అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసుకోగలరు. అలలకు తెరిచి ఉన్న కేజ్‌లో అది కుదరదు.

తినేవారి సంగతికి వస్తే, థైర్సైటిస్ వల్ల నష్టం ప్రధానంగా సరుకు నాణ్యతకే. జపాన్‌లో పచ్చిగా తిన్న ఆలివ్ ఫ్లౌండర్ చేపతో కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు కలిగించినది కుడోవా సెప్టెంపంక్టాటా అనే మరో జాతి. అక్కడి ప్రభుత్వం 2011లో దాన్ని ఆహార విషానికి కారణంగా గుర్తించింది. గ్రాము కండలో పది లక్షలకు మించి సిద్ధబీజాలు ఉన్న చేపను అక్కడ అమ్మనివ్వరు. సున్నాకు దిగువన 20 డిగ్రీల వద్ద 4 గంటలు గడ్డకట్టించినా, 75 డిగ్రీల వద్ద 5 నిమిషాలు వేడి చేసినా ఆ ప్రమాదం పోతుంది. మన పులుసు అంతకన్నా ఎక్కువసేపే మరుగుతుంది గాని, మీ హోటళ్ళలో ఎవరైనా పచ్చి చేపతో చేసే సుషీ వడ్డిస్తుంటే ముందుగా వారికి చెప్పండి.

హార్బర్ వ్యాపారి

అందరికీ ధన్యవాదాలు. వాకబు చేస్తే, రెండో విడత చేపలకు ఐసు నీటి స్నానం జరగనేలేదని తెలిసింది. మొదటి విడతకు మాత్రం జరిగింది, అయినా అందులోనూ మెత్తబడినవి ఉన్నాయి. అందుకే ఆ విడతలో దాచి ఉంచిన నాలుగు మెత్తని ముక్కలను, నాలుగు గట్టి ముక్కలను రేపు ఉదయం పరీక్షకు తీసుకువెళుతున్నాను. హోటల్ వంటమేస్త్రీని, పెంచిన ఆయనను కూడా రమ్మన్నాను. మైక్రోస్కోప్‌లో ముందుగా వారిద్దరే చూస్తారు.