వాటర్‌ఫాల్ తెరపై అసలు సంకేతాన్ని గుర్తించడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి):
మేడపై తీగ యాంటెన్నా కట్టి, ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) రిసీవర్‌తో 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి హామ్ రేడియో పౌనఃపున్యాలు) వింటున్నాను. పౌనఃపున్యాలను అడ్డంగా, కాలాన్ని నిలువుగా చూపే వాటర్‌ఫాల్ తెరకు సరిగ్గా మధ్యలో కదలని గీత ఒకటి, దానికి ఇరువైపులా సమాన దూరాల్లో మెల్లగా పక్కకు జరిగే మసక చారలు కనిపిస్తున్నాయి. వీటిలో సంకేతం ఏదో దయచేసి వివరించగలరు.

జవాబు (ఒంగోలు):
రెండూ సంకేతాలు కావండి. యాంటెన్నా ఊడదీసి చూడండి. అప్పటికీ మధ్య గీత నిలిచి ఉంటే అది రిసీవర్ లోపల పుట్టినదే. సమాన దూరాల చారలు సాధారణంగా ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బుల నుంచి వస్తాయి కనుక, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడుపుతూ ఇంటి మెయిన్ ఒకసారి ఆపి చూడండి.

జవాబు (నెల్లూరు):
అసలు సంకేతాన్ని దాని ఆకారమే పట్టిస్తుంది. మాట సుమారు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పున, మాటల మధ్య ఖాళీలతో చిరిగిన గుడ్డలా కనిపిస్తుంది. ఈ బ్యాండులో ఎల్‌ఎస్‌బీ (ట్యూన్ చేసిన పౌనఃపున్యానికి దిగువ వైపు మాటను పంపే పద్ధతి) వాడతారు గనుక ట్యూనింగ్ గీతను ఆ మరకకు కుడి అంచున నిలపాలి. మోర్స్ అయితే తెగుతూ సాగే సన్నని దారం. 7074 కిలోహెర్ట్జ్ మీద నుంచి పక్కపక్కనే 50 హెర్ట్జ్ పట్టీలు 15 సెకన్లకోసారి కలిసికట్టుగా మొదలైతే అది ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశ పద్ధతి.

ప్రశ్న అడిగినవారు:
మెయిన్ ఆపగానే చారలు మాయమయ్యాయి, మధ్య గీత మిగిలింది. ఒక్కొక్క స్విచ్చీ వేసి చూడగా దోషి మా వరండా బల్బేనని తేలింది.