అప్‌డేట్: హనుమకొండ నుంచి పాత గోవా, సే కేథడ్రల్

గోవా పోతే పాత గోవా చర్చిలకు ఒక పూట సరిపోతుందా అని ఇంతకుముందు అడిగిన కదా. చాలు, కానీ శుక్రవారం వద్దు, పక్కనే ఉన్న పురావస్తు మ్యూజియానికి ఆ రోజు సెలవు. పణజి కదంబ బస్టాండ్ నుంచి బస్సులో సుమారు 10 కిలోమీటర్లు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. వేయి స్తంభాల గుడిలో లాగా చెప్పులు విప్పే పని లేదు.

అక్కడి పెద్ద చర్చి సే కేథడ్రల్ కట్టడం 1562లో మొదలై 1619లో ముగిసింది. ఎదురుగా నిలబడితే ఎడమ గోపురమే కనిపిస్తుంది; కుడిది 1776లో కూలింది, మళ్లీ కట్టలేదు. పెద్ద గంట మిగిలిన దాంట్లోనే ఉంది.

రోడ్డు అవతల బాం జెజు బసిలికా అనే చర్చి, క్రైస్తవ సన్యాసి ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం అక్కడే. 1950ల్లో సున్నపు పూత తీసేయడంతో లాటరైట్ అనే ఎర్ర రాయి వానలకు అరుగుతోంది. ఎర్రగా అందంగానే ఉంది గానీ, ఆ పని చేయకుండా ఉండాల్సింది. సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాలు గుట్ట మీద. ఎండ ముదరకముందే ఎక్కండి.