చంద్రముఖిలో దయ్యం ఉన్నట్టా, లేనట్టా? ఇప్పుడు మళ్లీ చూసినవాళ్లు చెప్పండి

రెండో ఆట:
చిన్నప్పుడు ఈ అనుమానమే రాలేదు. లకలక వినిపిస్తే దుప్పట్లో దూరడమే. మొన్న తమిళంలో మళ్లీ చూశాక ఈ విషయం సినిమాకే తేలలేదనిపించింది.

కథ ప్రకారం గంగకి (జ్యోతిక) పట్టింది దయ్యం కాదు. మూసి ఉన్న గది తెరిచి, ఒకప్పటి నర్తకి చంద్రముఖి కథని మనసుకి పట్టించుకుని, చివరికి తనే చంద్రముఖి అనుకుంటుంది. డాక్టర్ శరవణన్‌గా రజనీ చెప్పేదీ అదే. బాగుంది. మరి ఆ పెద్ద పాము ఎందుకు? గదికి కాపలా అన్నట్టు మాటిమాటికీ కనిపిస్తుంది, చివర్లో తన దారిన తను పోతుంది. అంతా మనసు రోగమే అయితే పాముకి కథలో పనేంటి? అందరూ వడివేలు కామెడీ భయాన్ని చెడగొట్టిందంటారు. చెడగొట్టింది పామే అంటాను నేను. జబ్బు అని చెబుతూనే దయ్యం నమ్మేవాళ్లనీ వదులుకోలేకపోయారు.

కోడంబాకం కబుర్లు:
కామెడీని అంత తేలిగ్గా వదిలేస్తే ఎలా బ్రదర్? మూలం మలయాళం ‘మణిచిత్రతాళ్’, 1993, ఫాజిల్ దర్శకత్వం. అందులోనూ నవ్వు బోలెడంత. కానీ ఆ నవ్వంతా భయంలోంచే పుడుతుంది. పైగా మోహన్‌లాల్ వచ్చేసరికి సగం సినిమా అయిపోతుంది. అప్పటికి ఆ ఇల్లు, ఆ మనుషులు, గంగగా వేసిన శోభన మనకి బాగా అలవాటైపోతారు. ఇక్కడ రజనీ ఫైటుతో, పాటతో దిగుతాడు. కాపాడేవాడు ముందే వచ్చి కూర్చున్నాక ఇంకేం భయపడతాం?

వడివేలు ట్రాక్ సగం పెళ్లాం మీద అనుమానమే. అప్పట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే ఎటు చూడాలో తెలియలేదు.

తలైవా గ్యాంగ్:
అన్నా, 2002లో రజనీ ‘బాబా’ సినిమా దెబ్బ తిన్నాక వచ్చిన సినిమా ఇది. రజనీని సగం సినిమా దాకా దాచిపెడితే థియేటర్లో కుర్చీలు మిగిలేవా? చెన్నై శాంతి థియేటర్లో రెండేళ్ల పైన ఆడిందంటే ఊరికే ఆడలేదు. అయినా చివరి అరగంట ఎవరిది? జ్యోతికది. అంత పెద్ద స్టార్ తన సినిమా క్లైమాక్స్‌ని హీరోయిన్ చేతిలో పెట్టి, తను చంద్రముఖి కథలోని క్రూరుడైన రాజు వేట్టయన్ వేషం కట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఎంతమంది చేశారు చెప్పు.

రెండో ఆట:
ఆ మాట ఒప్పుకుంటా. మంచాన్ని ఒంటి చేత్తో లేపే సీను ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. అక్కడ పాము లేదు, గ్రాఫిక్స్ లేవు. షాపింగ్‌కి వెళ్లొద్దన్న మాటకి ఒక ఆడమనిషి మొహం మారిపోవడమే. సినిమా అంతా ఇలాగే నడిచి ఉంటే ఈ టాపిక్కే పెట్టేవాణ్ని కాదు.

పక్కింటి పంచాయితీ:
ఎవరూ అనని సంగతొకటి. తమిళ సినిమాలో చంద్రముఖి మన విజయనగరం నర్తకి. ‘రారా’ పాట తమిళ వెర్షన్‌లోనే తెలుగులో ఉంటుంది, రాసింది భువనచంద్ర. తమిళ ప్రేక్షకుడికి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష గంగ నోట ఒక్కసారిగా వినిపిస్తే ఎంత ఉలిక్కిపడి ఉంటాడు! మనకి డబ్బింగ్ చేసేటప్పుడు ఆమెని తమిళ నర్తకిని చేసి ‘వారాయ్’ పెట్టారు. మలయాళంలో తంజావూరు నుంచి వచ్చిన తమిళ నాగవల్లి, హిందీ రీమేక్‌లో బెంగాలీ మంజులిక. అంటే ఎవరికి వాళ్లు దయ్యాన్ని పక్క రాష్ట్రం నుంచే తెప్పించుకున్నారన్నమాట 😀

నా లెక్కలో పాము కంటే ఇదే పెద్ద చిక్కు. భయపెట్టడానికి పరాయి భాష చాలు అనుకున్నారు, అది పనిచేసింది కూడా. ఎందుకు పనిచేసిందో ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంది.

నైట్ డ్యూటీ:
నేను మానసిక విభాగంలో నర్సుని. దయ్యమా కాదా అన్నదానికంటే వైద్యం గురించి మాట్లాడాలి. గంగది జబ్బు అని డాక్టర్ చెబుతాడు, ఆ తర్వాత దుర్గాష్టమి రాత్రి స్వామీజీ సాయంతో ఆమె చేత వేట్టయన్ బొమ్మని తగలబెట్టించి నయం చేసేస్తాడు. ఇలాంటి సమస్యలు ఒక్క రాత్రిలో తీరవు. నెలలూ ఏళ్లూ మాట్లాడాలి. పక్కన మనుషులు ఓపిక పట్టాలి.

అలాగని సినిమాని పూర్తిగా తిట్టలేను. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, డబ్బు తగలేసి, ఆఖరికి మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు “చంద్రముఖి సినిమాలోలా అవుతోంది మేడమ్” అంటారు. ఆ పోలిక తెలిసినవాళ్లకి ఇది జబ్బు అని చెప్పడం కాస్త సులువు. పాముని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు, రెండో ఆట గారూ.

కోడంబాకం కబుర్లు:
మరి చంద్రముఖి 2 చూసి వచ్చేవాళ్లకి ఏం చెబుతారు మేడమ్? 2023లో అదే దర్శకుడు పి. వాసు లారెన్స్‌తో, కంగనాతో తీశాడు. అందులో దయ్యం నిజంగా దయ్యమే. మొదటి సినిమా సందేహంగా వదిలేసిందాన్ని రెండోది అమ్మేసుకుంది.

నైట్ డ్యూటీ:
అది నేను చూడలేదండీ. మొదటిదాంట్లోనే నాకింకో బెంగ ఉంది. గంగకి నయమైపోయాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, సరే. కానీ నీకు ఇలా జరిగిందని ఆ అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పేదెవరు? మా వార్డులో అసలు కష్టం మొదలయ్యేదే అక్కణ్నుంచి.

తలైవా గ్యాంగ్:
ఆ సీను తీసినా చూసేదెవరు మేడమ్? అప్పటికి జనమంతా సైకిల్ స్టాండ్‌లో బళ్లు తీస్తుంటారు.