ఈత రానివాళ్లను పగడాల మీదికి స్కూబాకి దింపొచ్చా?

ఉప్పుటేరు:
పోయిన నెల అండమాన్‌లో హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్లాం. నాకు ఈత రాదు. కాసేపు ఒడ్డు దగ్గర ట్రైనింగ్ ఇచ్చి లోపలికి దింపారు. ఆ చేపలూ పగడాలూ చూసి మతిపోయింది, అది వేరే సంగతి. పైకొచ్చాక వీడియో చూసుకుంటే నా కాలికి తొడిగిన రెక్కలాంటి ఫిన్ తగిలి ఒక పగడపు కొమ్మ విరిగిపోతోంది. నీళ్లలో నాకు తెలియనే లేదు. డబ్బు కట్టిన ప్రతివాళ్లనీ ఇలా దింపడం కరెక్టేనా?

గవ్వలబ్బాయి:
తప్పు నీది కాదు బ్రో. మొదటిసారి దిగేవాడి చేతిలో ఏమీ ఉండదు. వెనక సిలిండర్ పట్టుకుని నడిపించేది ఇన్‌స్ట్రక్టరే. ఇసుక ఉన్న వైపు తిప్పొచ్చు. కానీ ఫొటోలో పగడం పడకపోతే కస్టమర్ మొహం మాడిపోతుంది మరి.

సముద్రపక్షి:
ఒక్క కొమ్మకి ఇంత గొడవా? 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి అండమాన్‌లో పగడపు దిబ్బలకు దిబ్బలే తెల్లబడిపోయాయి. పగడం లోపల ఉండే నాచే దానికి తిండి పెడుతుంది. వేడికి ఆ నాచు బయటికి పోతే పగడం పస్తే. 2004 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో కొన్ని దిబ్బలు ఏకంగా నీళ్ల పైకి లేచి ఎండిపోయాయి. వాటి ముందు మీ ఫిన్ ఎంత? పైగా అక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది టూరిస్టుల వల్లే.

గవ్వలబ్బాయి:
జ్వరంతో పడుకున్నవాణ్ణి తన్నొచ్చా అండీ? కొమ్మ పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుందేమో గానీ, బండలా గుండ్రంగా ఉండేది సెంటీమీటరు పెరిగితే గొప్ప. నేను దిగిన చోట మనిషెత్తుది ఒకటుంది. దాని వయసెంతో లెక్కేసుకోండి. వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న షెడ్యూల్ 1లోనే పగడాలూ ఉన్నాయి. పులిని కాలితో తన్ని రమ్మంటే వెళ్తారా?

పద్మ_విశాఖ:
అసలు సమస్య ఈత కాదు. స్కూబా కోర్సులో 200 మీటర్లు ఈది చూపించాను, అయినా మొదట్లో నీళ్లలో తేలకుండా, మునగకుండా నిలబడటం రానే లేదు. అదంతా ఊపిరి మీద ఉంటుంది. నిండా పీలిస్తే కాస్త పైకి లేస్తాం, వదిలితే దిగుతాం. అది ఒంటికి పట్టడానికి రోజులు పట్టింది. నేను నేర్చుకున్నది రుషికొండ రాళ్ల మధ్య. గీరుకుపోయింది నా మోకాళ్లే, రాయికేం కాలేదు. పగడం మీద నేర్చుకుని ఉంటే? ఇంకోటి, నేను చూసినంతలో ఎక్కువ తగిలేది చేతిలో కెమెరా ఉన్నవాళ్లే. కళ్లు స్క్రీన్ మీద, కాళ్లు ఎక్కడో.

ఉప్పుటేరు:
వీడియో డైవింగ్ వాళ్లకి పంపాను. "అది ముందే విరిగి ఉంది సార్" అన్నారు. డిసెంబర్‌లో మా తమ్ముడూ మరదలూ వెళ్తున్నారు, టికెట్లు కూడా అయిపోయాయి. ఏం చెప్పమంటారు?

పద్మ_విశాఖ:
ముందు స్విమ్మింగ్ పూల్‌లో నేర్పించి, తర్వాత ఇసుక మీదే తిప్పేవాళ్లెవరో అడిగి బుక్ చేసుకోమనండి. కెమెరా రూమ్‌లోనే పెట్టేయమనండి.

సముద్రపక్షి:
కొత్త జంటని కెమెరా లేకుండా పంపుతారా? చూద్దాం.