అమ్మ పాటల రికార్డింగులు ఏ క్వాలిటీలో ఎక్స్‌పోర్ట్ చేయాలి?

నమస్కారమండీ. మా అమ్మ పాడే మంగళహారతులు, పెళ్లి పాటలు ఇంట్లోనే చిన్న స్టీరియో రికార్డర్‌తో తీస్తున్నాను. ఇప్పటికి నలభై అయ్యాయి. అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. నిమిషానికి దాదాపు 17 ఎంబీ అవుతోంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందూ వెనకా కత్తిరించి ఎక్స్‌పోర్ట్ చేస్తాను.

మొన్న అక్కకి పంపుదామని ఒక పాట 128 కేబీపీఎస్ ఎంపీ3 చేశాను. గొంతు బాగానే ఉంది. కానీ చరణం చివర అమ్మ చేతితాళాలు మోగించే చోట, ఆ సన్నటి గణగణ పోయి నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపించింది. 320లో పెడితే హెడ్‌ఫోన్స్‌లో విన్నా నాకు తేడా తెలియలేదు. పంపడానికి 320 పెట్టాలా, వేరియబుల్ బిట్ రేట్ (పాటలో అవసరాన్ని బట్టి బిట్ రేట్ మారేది) సరిపోతుందా?

అసలు టెన్షన్ దాచుకునే కాపీ గురించే. అమ్మ గొంతు ఇప్పటికే కాస్త వణుకుతోంది, మళ్లీ ఇలా పాడించుకోగలనో లేదో. ఫ్లాక్‌లో నాణ్యత పోకుండానే సైజు తగ్గుతుంది కదా, వేవ్ ఫైళ్లు తీసేసి అవే ఉంచుకోవచ్చా? 16 బిట్‌కి దించితే డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నటి శబ్దం) ఆన్‌లో ఉంచాలా? 48 కిలోహెర్ట్జ్‌ని 44.1కి మార్చాల్సిన అవసరం ఉందా? ఇంట్లో ఇలా రికార్డు చేసుకునేవాళ్లు మీరేం చేస్తున్నారో దయచేసి చెప్పండి.